పాఠం చెప్పగలుగుతున్నాను కదా, మరి డాక్టరెందుకు?

ప్రశ్న:

ఉత్తరం రాసినాయన పేరు పెట్టలేదు. వయసు 38, కాలేజీలో లెక్కలు చెబుతారు. ఇంట్లో భార్య, ఎనిమిదేళ్ల పాప. నాన్నగారు మూడేళ్లు మంచాన ఉండి పద్నాలుగు నెలల కిందట పోయారు. ఆ మూడేళ్లూ రాత్రిపూట పక్కన పడుకుని చూసుకున్నది ఈయనే. పోయిన కొత్తలో బాగానే ఉన్నారట, ఏడుపు కూడా పెద్దగా రాలేదట. నాలుగు నెలల నుంచి పరిస్థితి మారింది. రాత్రి పదకొండింటికి పడుకుంటే మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది, ఆ తర్వాత నిద్ర లేదు. తిండి మీద ధ్యాస పోయింది, బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది. రోజూ సాయంత్రం పాపతో చదరంగం ఆడేవారు. ఇప్పుడు బోర్డు తీయాలంటేనే నీరసం. చిన్నదానికీ పెద్దదానికీ అరుస్తున్నారు. పాప ఏదైనా అడగాలంటే ముందు వాళ్లమ్మ దగ్గరికెళ్లి "నాన్న మూడ్ బాగుందా?" అని కనుక్కుని వస్తోంది.

క్లాసులో జరిగింది ఆయన మాటల్లోనే: "ఏళ్ల తరబడి చెబుతున్న ఇంటిగ్రేషన్ లెక్క. మూడో స్టెప్పు రాసి ఆగిపోయాను. తర్వాతేం రాయాలో తోచలేదు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. క్లాసంతా నిశ్శబ్దం. ముందు బెంచీలో పిల్లాడు మెల్లగా, 'సబ్‌స్టిట్యూషన్, సార్' అన్నాడు."

నెట్‌లో దొరికే తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ పరీక్ష చేసుకుంటే 16 వచ్చింది. ఎక్కువ చేసి చెప్పుకున్నానేమోనని అనుమానించి, జవాబులు తగ్గించి మళ్లీ వేస్తే 11 వచ్చింది. ఆన్‌లైన్‌లో ఒక కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడారు. "పాజిటివ్‌గా ఆలోచించండి" అన్నారట, అంతటితో వదిలేశారు. భార్య డాక్టరుకు చూపించుకోమంటోంది. అన్నయ్యేమో, "అందరి నాన్నలూ పోతారు, నువ్వేదో కొత్త కథ మొదలుపెట్టకు. పిచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్లావని తెలిస్తే పరువేం కాను?" అన్నారు. ఆయన అడుగుతున్నది ఇది: "ఉద్యోగం మానలేదు. ఒక్క ఈఎంఐ ఆగలేదు. నాది డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినంత సమస్యేనా, లేక బద్ధకమా? వెళ్తే జీవితాంతం మందులు మింగాలా?"

జవాబు:

మీ ఉత్తరం రెండో పేజీలో, నాన్నగారికి రాసిన నిద్రమాత్రలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయని, వారంలో రెండు మూడు రాత్రులు సగం బిళ్ల వేసుకుంటున్నానని రాశారు. నాలుగో పేజీ చివర, "ఒక్కోరోజు పొద్దున లేవకపోయినా ఎవరికీ పెద్ద తేడా రాదనిపిస్తుంది. కంగారుపడకండి, అలాంటి పనేమీ చేయను" అన్నారు. ఈ రెంటినీ మీరు దూరదూరంగా రాశారు. నేను పక్కపక్కన పెట్టుకుని చదివాను. మీరడిగిన వాటన్నిటికంటే ముందు దీని గురించే మాట్లాడుకుందాం.

మీ మాట మీద నాకు నమ్మకం లేక కాదు. బతుకు మీద విసుగు ఒకే తీరుగా ఉండదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మీకు బాగా ఎక్కే వేళ తెల్లవారుజాము మూడు గంటలు, ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు. అలాంటి ఆలోచన ఉద్ధృతంగా ఉండేది చాలామందిలో కాసేపే. ఆ కాసేపట్లో ప్రమాదకరమైనదేదీ చేతికి అందకుండా ఉంటే ప్రాణాలు నిలుస్తాయి. ఆత్మహత్యల నివారణలో ఇంత గట్టిగా రుజువైన సంగతులు కొన్నే ఉన్నాయి. అందుకే ఆ మాత్రల్ని ఈరోజే మీ భార్య చేతిలో పెట్టండి. ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో ఇకపై ఆవిడకే తెలియాలి. అవి ఏ రకం మాత్రలో మీరు రాయలేదు. నిద్రకిచ్చే మందుల్లో కొన్నింటికి కొన్ని వారాల్లోనే శరీరం అలవాటుపడుతుంది. వాటిని రోజూ వాడి ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే. కాబట్టి ఎప్పట్నుంచి, ఎంత వేసుకుంటున్నారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఈలోగా మాత్ర వేసుకున్న రాత్రి మద్యం ముట్టుకోవద్దు.

రెండో పని, ఆ నాలుగో పేజీ వాక్యాన్ని మీ భార్యకు చెప్పడం. మెత్తబరచకుండా, నాకు రాసినట్టే చెప్పండి. భయపడుతుందని ఆగుతున్నారేమో. భయం ఆవిడకు ఇప్పటికే ఉంది. ఏమిటో తెలియని భయం అది. ఇలాంటి మాట పైకి అన్నంత మాత్రాన ఆ ఆలోచన బలపడదు. ఎదుటివాళ్లు సూటిగా అడిగినా బలపడదు, చాలామందికి ఊపిరాడినట్టవుతుంది. ఒకవేళ ఎప్పుడైనా ఆ ఆలోచన "లేవకపోతే బాగుండు" దగ్గర ఆగకుండా ఎలా, ఎప్పుడు అనే లెక్కల్లోకి దిగితే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఒంటరిగా ఉండకండి. ఆవిడను లేపి ఆ క్షణమే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. గుండెనొప్పి వస్తే ఏం చేస్తారో ఇక్కడా అదే.

ఇక మీ ప్రశ్న. ఉత్తరం చదివి ఫలానా జబ్బని తేల్చడం ఎవరూ చేయకూడదు, నేనూ చేయను. డాక్టర్లు దేన్ని చూసి తేలుస్తారో చెబుతాను, మీ ఉత్తరాన్ని మీరే దాని పక్కన పెట్టి చూసుకోండి. మనసు దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటి మీద ఇష్టం పోవడం, ఈ రెండింట్లో కనీసం ఒకటి ఉండాలి. వాటికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, మాటలోనో కదలికలోనో మందకొడితనం రావడం లేదా ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, నేను దేనికీ పనికిరాననిపించడం, చావు ఆలోచనలు, వీటిని చూస్తారు. మొత్తం తొమ్మిదింట్లో అయిదో అంతకుమించో, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం, కనీసం రెండు వారాలు ఉండి జీవితాన్ని ఇబ్బంది పెడుతుంటే దాన్ని డిప్రెషన్‌గా లెక్కిస్తారు. మీరు రెండు వారాల గురించి రాయలేదు, నాలుగు నెలల గురించి రాశారు. చదరంగం బోర్డు, మూడింటి మెలకువ, బెల్టు, మూడో స్టెప్పు దగ్గర ఆగిన సుద్దముక్క, ఇవన్నీ మీరు విడివిడి సంగతులుగా చెప్పారు. డాక్టరు వీటిని ఒకే వరసలో పెట్టి చూస్తారు. కారణం తగినంత పెద్దదా, ఇంతకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా అనే ప్రశ్నలు ఆ కొలతలో లేవు. వాటిని మీ మీద మీరే వేసుకుంటున్నారు.

ఆ తొమ్మిది ప్రశ్నల పరీక్షలో మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపించుకోవడం మంచిదని సాధారణంగా చెబుతారు. 15 నుంచి 19 వరకు ఓ మోస్తరు తీవ్రత దాటినట్టు లెక్క. అంటే మీరు చెయ్యి బిగబట్టి వేసుకున్న 11 కూడా చూపించుకోమనే చెబుతోంది. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏం వేసినా, మొత్తం ఎంత వచ్చిందన్న దాంతో పనిలేకుండా డాక్టరుతో మాట్లాడాలి. రెండోసారి దానికి ఎంత వేశారో మీకు గుర్తుండే ఉంటుంది.

"ఉద్యోగం చేయగలుగుతున్నాను కదా" అనే దాని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మిమ్మల్ని నాలుగు నెలలు ఆపింది అదే. బాధ్యత ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆఖరున దెబ్బతినేది ఉద్యోగం. ఉన్న ఓపికనంతా ముందు దానికే కేటాయిస్తారు, మిగిలింది ఇంటికి. మిగలకపోతే ఇంట్లోవాళ్లకు విసుగు, అరుపులు దక్కుతాయి. మగవాళ్లలో డిప్రెషన్ ఏడుపుగా కంటే చిరాకుగా బయటపడటం మామూలే, అందుకే ఇంట్లోవాళ్లు కూడా దాన్ని కోపిష్టితనం అనుకుంటారు. మీ పాప ముందు అమ్మను అడిగి వస్తోందంటే మీ ఇంట్లో ఏదో మారిందని ఆ పిల్ల అందరికంటే ముందు కనిపెట్టింది. ఇక బద్ధకం సంగతి. బద్ధకంగా ఉన్నవాడికి పని మానేస్తే హాయిగా ఉంటుంది. మీకు పని చేస్తున్నా హాయి లేదు, మానేసినా లేదు.

ఇది నాన్నగారి తాలూకు దుఃఖం కాదా అని ఉత్తరంలో ఒకచోట మీరే సందేహపడ్డారు. మంచి సందేహం. దుఃఖం సాధారణంగా కెరటాల్లా వస్తుంది. ఒక వస్తువు చూస్తేనో, ఒక తేదీ వస్తేనో ముంచేస్తుంది, మధ్యమధ్యలో మనిషి నవ్వగలడు. పోయినవాళ్ల కోసం మనసు కొట్టుకుపోతుంది కానీ తనమీద తనకు అసహ్యం కలగడం తక్కువ. డిప్రెషన్‌లో ఆ విరామాలు ఉండవు, నేను పనికిరాననే మాట లోపల నడుస్తూనే ఉంటుంది. రెండూ కలిసి రావడమూ ఉంది. ఇవి కాక, తీరని దుఃఖమే ఒక జబ్బుగా మిగిలిపోవడం ఉంది. పెద్దవాళ్లలో ఏడాది దాటినా పోయినవారి ధ్యాసే రోజంతా ఆక్రమించుకుని ఉంటే దాన్ని విడిగా గుర్తించాలని అమెరికా సైకియాట్రీ సంఘం 2022లో తన ప్రమాణ గ్రంథంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ అయితే ఆరు నెలలే గడువు పెడుతుంది. మీ ఉత్తరం చూస్తే నాన్నగారు పోయిన బాధ ప్రస్తావన మొదటి పేజీతో ఆగిపోయింది. మిగిలిన మూడు పేజీలూ మీకేం చేతకావడంలేదో చెప్పుకోవడానికే సరిపోయాయి. అందుకే నాకు డిప్రెషన్ అనుమానమే బలంగా ఉంది, నిర్ధారించాల్సింది మాత్రం మిమ్మల్ని ఎదురుగా చూసేవాళ్లు.

మొదటి పేజీలో మాత్రం ఒక మాటుంది. "నాన్న పోయిన రాత్రి నాకు గాఢంగా నిద్ర పట్టింది. మూడేళ్లలో అంత మంచి నిద్ర లేదు. అది గుర్తొస్తే నన్ను నేను క్షమించుకోలేను." మూడేళ్లపాటు దగ్గు వినబడితే లేచి, మందుల వేళకు లేచి, పక్క మార్చడానికి లేచిన శరీరం అది. ఇక లేవనక్కర్లేదని తెలిసిన రాత్రి నిద్రపోయింది. చాలాకాలం రోగిని చూసుకున్నవాళ్లలో ఆ ఊరట ఎంత మామూలో, దాని వెనకే వచ్చే అపరాధభావమూ అంతే మామూలు. ఈ మాట ఎవరితోనూ అనలేదని రాశారు. మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా మొదట బయటికి రావాల్సింది ఇదేనని నాకనిపిస్తోంది. మూడింటికి మిమ్మల్ని లేపుతున్న వాటిలో దీనికి భాగం ఉండి ఉంటుంది. నాన్నగారిని చూసుకోవడానికి మూడేళ్లు అదే వేళకు లేచారు కదా!

ఇక ఏం చేయొచ్చు. కొన్నాళ్లు ఆగి చూడటం ఒక దారి. లక్షణాలు తేలికగా ఉండి, ఈమధ్యే మొదలైనవాళ్లకు డాక్టర్లు కూడా ఆ మాట చెబుతారు, రెండు వారాలకు మళ్లీ రమ్మని. మీరు నాలుగు నెలలుగా చేస్తున్నది అదే, మెరుగుపడలేదు. దీన్ని మీకు సలహా ఇవ్వలేను.

అన్నిటికంటే సులువైన మొదటి అడుగు, మీరు మామూలుగా జ్వరానికో నొప్పికో వెళ్లే డాక్టరు. దీనికో లాభముంది. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బి12 లోపం ఉన్నా మనిషి ఇలాగే నీరసించి దిగులుపడతాడు. వాటికి రక్తపరీక్షలు చాలు. డిప్రెషన్‌కు మొదటి చికిత్స కూడా చాలామంది జనరల్ డాక్టర్లు ఇస్తారు. ఇబ్బందేమిటంటే వాళ్లకు సమయం తక్కువ. మీరు "నిద్ర పట్టడంలేదు డాక్టర్" అని ఆపేస్తే ఇంకో నిద్రమాత్ర రాసి పంపొచ్చు. అందుకని ఒక కాగితం మీద నాకు చెప్పినవే రాసి తీసుకెళ్లండి. ఎప్పట్నుంచి, నిద్ర ఎలా, తిండి ఎలా, ఆ నాన్నగారి మాత్రలు, ఆ చివరి వాక్యం. నోరు పెగలకపోతే కాగితం చేతికివ్వండి. ఇంకో సంగతి కూడా రాసుకోండి: గతంలో ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో, ఖర్చులో మాటలో పట్టు లేకుండా గడిపారా, ఇంట్లో ఎవరికైనా అలా ఉండేదా అని. ఉంటే మందు ఎంపికే మారిపోతుంది.

నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడం ఇంకో దారి. చావు ఆలోచనలూ, నాలుగు నెలల కాలమూ చూస్తే ఇది తొందరపాటేమీ కాదు. నేనైతే మీకు ఇదే ముందు పెడతాను. కాళ్లు అటు పడకపోతే మాత్రం మామూలు డాక్టరు దగ్గరికైనా ఈ వారంలోనే వెళ్లండి. సరైన చోటు వెతుకుతూ ఇంకో నెల పోగొట్టుకోవద్దు. సైకియాట్రిస్ట్ అంటే వైద్యం చదివి మనసు జబ్బుల్లో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు, మందు రాయగలరు. సైకాలజిస్ట్ సాధారణంగా మందు రాయరు, మాటల ద్వారా, పద్ధతి ప్రకారం చికిత్స చేస్తారు. తేలికపాటి డిప్రెషన్‌కు ఆ చికిత్స ఒక్కటే సరిపోతుంది. తీవ్రత పెరిగేకొద్దీ రెండూ కలిపితే ఫలితం మెరుగు.

ఆ "పాజిటివ్‌గా ఆలోచించండి" అరగంటను చూసి కౌన్సెలింగంటే ఇంతేననుకోకండి. 1960లలో అమెరికా సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీలో మంచిగా ఆలోచించమని ఎవరూ చెప్పరు. "నేను లేకపోయినా తేడా రాదు" అనే ఆలోచనను కాగితం మీద పెట్టి, దానికి రుజువేమిటి, విరుద్ధంగా ఉన్నదేమిటి అని మీతోనే తేల్పిస్తారు. లెక్కల మనిషికి నచ్చే పద్ధతే. సాధారణంగా వారానికొకసారి చొప్పున 12 నుంచి 20 సార్లు కూర్చోవాలి. దాంట్లోనే ఇంకో భాగం, ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా చిన్న పని ముందు మొదలుపెట్టడం. పాపతో పూర్తి ఆట ఆడక్కర్లేదు, పది ఎత్తులు చాలు. ఉత్సాహం ఆ తర్వాత వస్తుంది, మెల్లగా. కొత్తవారి దగ్గరికి వెళ్లినప్పుడు ఏ పద్ధతిలో చేస్తారు, ఎన్నిసార్లు రావాలి, మెరుగవుతోందని ఎలా తెలుసుకుంటాం అని మొదటిరోజే అడగండి. రెండు మూడుసార్లు వెళ్లినా వింటున్నారని అనిపించకపోతే మనిషిని మార్చండి, చికిత్సను మానకండి.

మందుల గురించి మీ భయం చాలామందికి ఉన్నదే. డిప్రెషన్ మందులు నిద్రమాత్రల్లాంటివి కావు. వేసుకోగానే ఏ మత్తూ హాయీ ఉండవు, ఇంకా కావాలన్న యావ పుట్టదు. పనిచేయడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది. చిక్కంతా ఇక్కడే ఉంది: వికారం, తలనొప్పి, కాస్త అలజడి లాంటివి మొదటి వారంలోనే రావచ్చు, మేలు మాత్రం ఆలస్యంగా వస్తుంది. చాలామంది ఈ మధ్యలోనే మానేసి మందు పనిచేయలేదంటారు. లైంగికంగా ఆసక్తి తగ్గడం లాంటివి కూడా కొందరిలో ఉంటాయి, సిగ్గుపడకుండా చెబితే మందు మార్చొచ్చు. అలజడి బాగా పెరిగినా, చావు ఆలోచనలు ఎక్కువైనా మాత్రం మళ్లీ వెళ్లాల్సిన తేదీ దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు, కోలుకున్న తర్వాత కనీసం ఆరు నెలలు కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు డోసు తగ్గిస్తూ ఆపుతారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం ఉండొచ్చు. మళ్లీమళ్లీ వచ్చేవాళ్లకు ఎక్కువకాలం అవసరం కావచ్చు. మీకు ఇది మొదటిసారి. జీవితాంతం అనే లెక్క ఇప్పుడే వేసుకోనక్కర్లేదు.

పాపకు ఏదో ఒకటి చెప్పాలి. పిల్లలకు కారణం చెప్పకపోతే తప్పు తమదే అనుకుంటారు. "నాన్నకు కొన్నాళ్లుగా ఒంట్లో బాగోలేదు, అందుకే విసుక్కుంటున్నాను, నీ తప్పేం లేదు, డాక్టరుకు చూపించుకుంటున్నాను" అంటే ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది.

అన్నయ్యగారి సంగతి ఆఖరికి పెట్టాను, మీరు కూడా ఆఖరికే పెట్టండి. ఆయన నాన్న కూడా పోయారు. ఆ కరుకు మాటల వెనక ఏముందో మనకు తెలియదు. ఆయన్ను ఒప్పించాకే వెళ్లాలనుకుంటే మీరు వెళ్లలేరు. డాక్టరు దగ్గర మీరు చెప్పింది బయటికి పోదు, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు తప్ప. ఆఫీసుకూ బంధువులకూ వాళ్లు కబురు పెట్టరు. ఇప్పుడు తెలియాల్సింది మీ భార్యకు, డాక్టరుకు. కోలుకున్నాక అన్నయ్యకు చెప్పాలనిపిస్తే చెప్పండి, అనిపించకపోతే మానండి. రేపు పొద్దున అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేయడం కష్టమనిపిస్తే ఆ ఫోన్ మీ భార్యతో చేయించండి. మొదటిసారి ఆవిణ్ని వెంట తీసుకెళ్లండి, మీరు దాటేసేవి ఆవిడ చెబుతారు.